ఫోన్ ఉన్న ఇంట్లో ధారణ ఎలా కుదురుతుంది

అష్టావధానం చూసినవాళ్ళకు అప్రస్తుత ప్రసంగి ఎవరో చెప్పక్కర్లేదు. అవధాని, ఇచ్చిన పాదంతో పూరించే సమస్యకు ఒక పాదం, ఇచ్చిన మాటలతో అల్లే దత్తపదికి ఒక పాదం కూర్చుకుంటుంటే మధ్యలో దూరి, "అవధాని గారూ, ఇవాళ మీ ఇంట్లో కూరేమిటండీ?" అని అడగడం ఆయన పని. సభకు అదో వినోదం. ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అలాంటివాడు ఒక్కడే, ఆయనా సభతోపాటే లేచి వెళ్ళిపోతాడు. చివర్లో అవధాని నాలుగు ఆవృత్తుల్లో ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ కాగితం చూడకుండా అప్పజెబుతాడు. దాన్నే ధారణ అంటారు. కడియానికి చెందిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి, యండగండికి చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా ఊరూరా మోసుకెళ్ళిన విద్య అది.

ఇప్పుడు భీమవరం నుంచి అమలాపురం దాకా చదువుకునే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా పుస్తకం పక్కనే ఒక అప్రస్తుత ప్రసంగి పడుకుని ఉంటాడు. వీడు లేచి వెళ్ళడు.

కింది పద్ధతి పదో తరగతి, ఇంటర్, గ్రూప్స్, డీఎస్సీ ఏది చదువుతున్నా పనికొస్తుంది. దీని వెనక ఉన్న సంగతి ఒక్కటే: మెదడు ఏ పని పదేపదే చేస్తే ఆ పనికే దారి వేసుకుంటుంది. పుస్తకం చూస్తూ తల ఊపితే తల ఊపడం అలవాటవుతుంది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే గుర్తు తెచ్చుకోవడం వస్తుంది. మూడు నిమిషాలకోసారి ఫోన్ అందుకుంటే అదీ అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. ఇది మాటవరసకు అనేది కాదు. సముద్రపు నత్త మీద చేసిన పరిశోధనలో, నేర్చుకున్నప్పుడు నాడీకణాల మధ్య సంధులు బలపడతాయనీ, ఎక్కువ కాలం నిలిచే జ్ఞాపకానికి కొత్త సంధులు మొలుస్తాయనీ ఎరిక్ కాండెల్ చూపించాడు. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. లండన్‌లో టాక్సీ లైసెన్సు కోసం వేల వీధులు కంఠస్థం చేసేవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. పరీక్ష గట్టెక్కినవాళ్ళలో, మెదడులో జ్ఞాపకాల పని చూసే హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగింది, మధ్యలో వదిలేసినవాళ్ళలోనూ తప్పినవాళ్ళలోనూ పెరగలేదు.

ముందు రెండు రోజులు కొలవండి

ఏమీ మార్చకండి, కొలవండి చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరవండి, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. ఎన్ని గంటలు చూశారన్నది అందరూ చూసే అంకె. మీకు కావలసినవి మిగతా రెండూ: రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి. రెండు గంటలు ఒకేసారి కూర్చుని సినిమా చూసినవాడి కంటే, అవే రెండు గంటలను వంద ముక్కలుగా తిన్నవాడి చదువు ఎక్కువ చెడుతుంది.

రెండో కొలత కాగితం మీద. అరగంట చదవడానికి కూర్చుని, చెయ్యి ఫోన్ వైపు వెళ్ళిన ప్రతిసారీ, లేదా మనసు అటు వెళ్ళిన ప్రతిసారీ ఒక నిలువు గీత గీయండి. తీసి చూశారా లేదా అన్నది లెక్కలోకి రాదు, అనిపిస్తే గీతే. అరగంట అయ్యాక గీతలు లెక్కపెట్టి తేదీ వేసి దాచండి. రెండు వారాల తర్వాత ఈ కాగితంతో పని పడుతుంది.

ఫోన్‌కు చోటు

బోర్లా పెట్టడం, సైలెంట్‌లో పెట్టడం చాలవు. చదివే గదిలో ఫోన్ ఉండకూడదు. వీధి గదిలో బీరువా మీదో, వంటింట్లో గూట్లోనో, లేచి నడిచి వెళ్తే తప్ప అందని చోట పెట్టండి. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో వెలువరించిన ప్రయోగంలో ఫోన్ వేరే గదిలో వదిలినవాళ్ళు బల్లమీద పెట్టుకున్నవాళ్ళ కంటే బాగా చేశారు, ఫోన్ మోగకపోయినా సరే. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్ళలో కొందరికి ఆ తేడా కనిపించలేదు కాబట్టి దాన్ని వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. అసలు కారణం ఇంకా మామూలుది: పది అడుగులు నడవాల్సి వస్తే సగం సార్లు చెయ్యి తనంతట తానే ఆగిపోతుంది.

ఇక్కడే మూడు సాకులు వస్తాయి. అలారం కావాలంటారు, దానికి బల్ల గడియారం కొనుక్కోండి. ఎవరైనా అర్జెంటుగా ఫోన్ చేస్తే ఎలా అంటారు, ఇంట్లో అమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఇంకో ఫోన్ ఉంటుంది. మూడోది నిజమైన ఇబ్బంది: క్లాసే ఫోన్‌లో ఉంది. వీడియో పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేసి, డేటా ఆపి చూడండి. ఫోకస్ మోడ్ ఉంటే పాఠాల యాప్ తప్ప మిగతావన్నీ ఆపండి. కుదిరితే ఇంట్లో పాత ఫోన్ ఒకటి తీసి, సిమ్ లేకుండా, పాఠాల యాప్ ఒక్కటే ఉంచి చదువుకు కేటాయించండి. అందరి ఇళ్ళలోనూ డ్రాయర్లో అలాంటిది ఒకటి మూలుగుతూ ఉంటుంది.

చదువుతుంటే "ఈ మాటకు అర్థం చూడాలి", "రేపటి ల్యాబ్ ఎన్నింటికో అడగాలి" అని తోస్తూ ఉంటుంది. దానికోసం ఫోన్ తెస్తే పావుగంట పోతుంది. పక్కన ఒక చిత్తు కాగితం పెట్టుకుని పైన "తర్వాత" అని రాసి, తోచిందల్లా దానిమీద వేయండి. రాత్రి చదువయ్యాక పది నిమిషాల్లో అన్నీ ఒకేసారి చూడండి. సగం ప్రశ్నలు అప్పటికి అవసరమే ఉండవు.

నోటిఫికేషన్ల సంగతి: ఫోన్ కాల్స్, బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు తప్ప అన్నీ ఆపేయండి. ఐకాన్ మీద కనిపించే ఎర్ర అంకె కూడా తీసేయండి, అది కూడా పిలుపే. కాలేజీ వాట్సాప్ గ్రూపును ఎల్లకాలానికీ మ్యూట్ చేసి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి.

గుండాట లెక్క

రీల్స్ ఎందుకు వదలబుద్ధి కాదో తెలిస్తే సగం పోరాటం తగ్గుతుంది. సంక్రాంతి పందేల బరుల పక్కన గుండాట అనే జూదం చూసే ఉంటారు. ప్రతి పందెంలోనూ డబ్బు వస్తే ఎవరికీ అంత యావ ఉండదు, ఎప్పుడూ రాకపోతే ఎవరూ కూర్చోరు. ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే జనాన్ని అక్కడ కూర్చోబెట్టేది. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు సుఖాన్ని కాక, అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాను లెక్కకడతాయని వుల్‌ఫ్రమ్ షుల్జ్, ఆయన సహచరులు 1997లో వివరించారు. వేలు పైకి జరిపితే వచ్చేది నవ్వించేదా, విసిగించేదా తెలియదు. ఆ తెలియకపోవడానికే చెయ్యి మళ్ళీ జరుగుతుంది.

అందుకే "ఒక్క రీల్ చూసి ఆపేస్తా" అన్నది నిలబడదు. మధ్యలో ఆపడం కష్టం, మొదలుపెట్టకపోవడం తేలిక. బలమంతా అక్కడ పెట్టండి. పనిలో పనిగా ఒక మాట: "డోపమైన్ డిటాక్స్" అంటూ ఒకరోజు ఉపవాసం చేస్తే మెదడు కడిగినట్టు అవుతుందని తిరిగే వీడియోలను నమ్మకండి. డోపమైన్ విషం కాదు, కడిగి పారబోసేదీ కాదు. మనిషి ఏకాగ్రత చేపపిల్ల కంటే తక్కువకు, ఎనిమిది సెకండ్లకు పడిపోయిందన్న మాటకూ ఆధారం లేదు. మీ మెదడు చెడిపోలేదు. వేరే పనిలో బాగా తర్ఫీదు అయింది, అంతే.

ఒక విడతలో ఏం చేయాలి

ఒక విడత 25 నిమిషాలు. గీతల కాగితంలో అరగంటకు పది గీతలు దాటితే 15 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. మొదటిరోజే మూడు గంటలు కూర్చుంటానని పట్టుబట్టినవాళ్ళు నాలుగో రోజుకు మానేస్తారు.

ఆ 25 నిమిషాలను ఇలా పంచండి. మొదటి 10 నిమిషాలు రెండు మూడు పేజీలు చదవండి, గీతలు గీయకుండా, నోట్సు రాయకుండా. తర్వాత పుస్తకం మూసి, వీలైతే వెనక్కి పెట్టి, 8 నిమిషాలు ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా రాయండి. వరస అక్కర్లేదు, వాక్యాలు అక్కర్లేదు, బొమ్మలైనా పరవాలేదు. తర్వాత 5 నిమిషాలు పుస్తకం తెరిచి, ఎర్ర పెన్నుతో వదిలేసినవీ తప్పు రాసినవీ కాగితం మీద దిద్దండి. మిగిలిన 2 నిమిషాల్లో ఆ ఎర్ర ముక్కల్లోంచి రెండు మూడు ప్రశ్నల చీటీలు రాయండి. చీటీల సంగతి తర్వాత చెబుతాను.

ఖాళీ కాగితం ముందు ఏమీ తట్టదు. చాలామంది అక్కడే పుస్తకం తెరిచేస్తారు, అదే అన్నిటికంటే పెద్ద తప్పు. తట్టక వెతుక్కునే ఆ రెండు నిమిషాలే అసలు పని. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరితో రెండోసారి చదివించారు, కొందరితో గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళే ముందున్నారు, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే తారుమారైంది: చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 56. పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదివితే "వచ్చేసింది" అనిపించే ధైర్యం ఆ ఐదు నిమిషాల ధైర్యమే. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా.

ఇంకో తప్పు: రాయడం అయింది కదా అని దిద్దకుండా వదిలేయడం. తప్పు గుర్తుతెచ్చుకుని వదిలేస్తే ఆ తప్పే పాతుకుంటుంది.

లెక్కలకు ఇదే పద్ధతి కొంచెం మార్చాలి. ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేస్తే చెయ్యి తిరుగుతుంది గానీ, ఏ లెక్కకు ఏ పద్ధతి అన్నది మెదడు ఎంచుకోనక్కర్లేదు. పరీక్షలో అడిగేది ఆ ఎంపికే. పది లెక్కలు చేయాలనుకుంటే నాలుగు ఇవాళ్టివి, మూడు పోయిన వారానివి, మూడు పోయిన నెలవి కలిపేసి చేయండి. నెమ్మదిగా నడుస్తుంది, తప్పులు ఎక్కువ వస్తాయి. కంగారు పడకండి.

విడతకూ విడతకూ మధ్య

ఐదు నిమిషాలు. ఇందులో ఫోన్ చూశారో, వెనక 25 నిమిషాల్లో సగం గోదాట్లో కలిసినట్టే. ఒక పని నుంచి ఇంకో పనికి మారినా బుద్ధిలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించింది. రీల్స్ విషయంలో అయితే అది ఒక పాత పని కాదు, ఐదు నిమిషాల్లో ఇరవై. పైగా ఇప్పుడే విన్నది స్థిరపడాలంటే కొంత ఖాళీ కావాలి. 2012లో మైకేలా డ్యూవార్ బృందం చేసిన ప్రయోగంలో కథ విన్నాక పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఊరికే కూర్చున్నవాళ్ళకు, ఆ పది నిమిషాలూ వేరే ఆట ఆడినవాళ్ళ కంటే వారం తర్వాత కూడా కథ ఎక్కువ గుర్తుంది.

మంచినీళ్ళు తాగండి, అరుగు మీద కూర్చోండి, కాలవ గట్టు దాకా వెళ్ళి రండి. ఏమీ తోచకుండా ఉండటం కూడా పనే.

సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే నాలుగు విడతలు, మధ్యలో మూడు విరామాలు కలిపి 115 నిమిషాలు. ఎనిమిదిన్నరకు భోజనానికి లేవొచ్చు. ఇలా చదివిన రెండు గంటల తర్వాత అలసట వస్తుంది. రాత్రి పన్నెండు దాకా పుస్తకం ముందు కూర్చున్నా రాని అలసట అది.

చీటీలు, పూతరేకుల డబ్బాలు

ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేయండి. ముందు వైపు ఒక ప్రశ్న, వెనక జవాబు. ఒక చీటీకి ఒక్క ప్రశ్నే. "గోదావరి డెల్టా గురించి రాయండి" అన్నది చీటీ కాదు. "వైనతేయ ఏ పాయ నుంచి చీలుతుంది?" అన్నది చీటీ, వెనక "వశిష్ఠ" అని ఉంటుంది. "ధవళేశ్వరం ఆనకట్ట పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయింది?" అన్నది ఇంకోటి: 1847, 1852. తేదీల కంటే "ఎందుకు" అనే చీటీలు ఎక్కువ నిలబడతాయి, కాబట్టి మూడింట ఒకటి అలా ఉండేలా చూసుకోండి.

ఐదు డబ్బాలు కావాలి. ఆత్రేయపురం పూతరేకులవి ఖాళీ అయినవి ఉంటే సరిగ్గా సరిపోతాయి. వాటిమీద 1, 3, 7, 16, 35 అని రాయండి. అవి రోజులు. కొత్త చీటీ మొదటి డబ్బాలో వేసి మర్నాడు అడుక్కోండి. వస్తే రెండో డబ్బాకు, మూడు రోజుల తర్వాత మళ్ళీ వస్తే మూడో డబ్బాకు, అలా. ఎక్కడ తప్పినా, ఏ డబ్బాలో ఉన్నా, నేరుగా మొదటి డబ్బాకే. చీటీ మూల పెన్సిల్‌తో తర్వాతి తేదీ వేసుకుంటే గందరగోళం ఉండదు. ఇలా డబ్బాల పద్ధతిని సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ 1972లో ప్రచారంలోకి తెచ్చాడు.

రోజుకు పది కొత్త చీటీలు మించొద్దు. ఒక్కో చీటీ ఐదుసార్లు తిరుగుతుంది కాబట్టి, రెండు నెలలు దాటాక రోజుకు 50 చీటీలు చూడాల్సి వస్తుంది. ఒక్కోదానికి 15 సెకండ్లు వేసుకుంటే 12 నిమిషాల పైన, తప్పినవి కలిపి 20 నిమిషాలు. ఉత్సాహంలో రోజుకు నలభై రాసినవాళ్ళకు అది గంటా ఇరవై నిమిషాలకు చేరి, డబ్బాలు అటకెక్కుతాయి. ఫోన్‌లో ఇదే పని చేసే యాప్‌లు ఉన్నాయి, మంచివే. కాకపోతే చీటీల కోసం తెరిచిన ఫోన్ చీటీల దగ్గర ఆగదు.

ఎడం ఎందుకంటే, దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీళ్ళు వదిలినట్టే ఇది. నాలుగు తడుల నీళ్ళు ఒకేసారి పెడితే మురుగు కాలవకే పోతాయి, పదో రోజుకు చేను మళ్ళీ నోరు తెరుస్తుంది. ఎంత ఎడం అన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి మారుతుంది. 2008లో సెపెడా బృందం ఒకసారి నేర్పి, కొంత ఎడం తర్వాత ఒకసారి గుర్తు చేయించి చూసింది. పరీక్ష వారంలో ఉంటే ఒకరోజు ఎడం, 35 రోజుల్లో ఉంటే 11 రోజులు, 70 రోజుల్లో ఉంటే 21 రోజులు బాగా పనిచేశాయి. అంటే ఈఏపీసెట్‌కు (పాత ఎంసెట్‌కు) నాలుగు నెలలుండగా రోజూ అదే చాప్టర్ తిప్పడం వృథా.

కోనసీమ వేదపాఠశాలల్లో ఘన చెప్పడం విన్నవాళ్ళకు ఇదంతా కొత్తగా అనిపించదు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు అంటూ పదాలను వెనక్కీ ముందుకీ తిప్పుతారు. ఏ పదం నుంచి పట్టుకున్నా పక్క పదం వచ్చి తీరాలి. చీటీలు కూడా అందుకే వారానికోసారి పేకముక్కల్లా కలపండి. ఒకే వరసలో వచ్చే జవాబు ప్రశ్నకు వచ్చినట్టు కాదు, ముందు చీటీకి వచ్చినట్టు.

రొయ్యల చెరువు వీడియోలు చూసే రైతుకూ ఇదే వర్తిస్తుంది. వరసగా ఇరవై వీడియోలు చూసి పడుకుంటే పొద్దున చెరువు గట్టు మీద ఒక్కటీ గుర్తుండదు. ఒక్కటి చూసి, ఆపి, నాలుగు ముక్కలు రాసి, పొద్దున నీళ్ళ పరీక్ష దగ్గర ఆ కాగితం తీయాలి.

రాత్రి

ఫోన్ దోమతెరలోకి రాకూడదు. ఛార్జర్ వంటింట్లో పెట్టండి, పని అయిపోతుంది. గాఢనిద్రలో హిప్పోకాంపస్ పగటి సంగతులను మళ్ళీ నడిపి పైపొరల్లోకి సర్దుతుంది, ఆ సర్దుబాటు మేలుకుని ఉంటే అంతగా జరగదు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పన్నెండింటికి పడుకోబెట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేపే హాస్టళ్ళ లెక్క ఎవరి కోసమో తెలియదు. నాలుగింటికి లేవడంలో తప్పులేదు, అప్పుడు ఎనిమిదింటికే పడుకోవాలి.

చీటీలు పడుకునే ముందు ఒకసారి చూసి, పొద్దున లేచాక మళ్ళీ అడుక్కుంటే మేలు. లేచిన మొదటి అరగంట ఫోన్ వద్దు.

ఇంట్లో పెద్దలకు

హాల్లో మీరు రీల్స్ శబ్దం పెట్టుకుని "చదువుకోరా" అంటే పని జరగదు. ఆరున్నరకు ఇంట్లో ఫోన్లన్నీ ఒకే గూట్లోకి వెళ్ళాలి, నాన్నదీ అత్తదీ సహా. మధ్యలో లాక్కోవద్దు. లాక్కుంటే పిల్లలు నేర్చుకునేది దాచడం. ఏ టైముకు ఇవ్వాలో, ఏ టైముకు తిరిగి ఇస్తారో ముందే అనుకుని, మీ వైపు మాట తప్పకండి. ఎనిమిదిన్నరకు ఇస్తానంటే ఎనిమిదిన్నరకే ఇవ్వాలి.

ఎన్నాళ్ళు పడుతుంది

21 రోజులకు అలవాటు అవుతుందన్న మాట అందరూ అంటారు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో లెక్కతీస్తే సగటున 66 రోజులు తేలింది, తక్కువలో తక్కువ 18, ఎక్కువలో ఎక్కువ 254. ఒకరోజు తప్పితే ఏమీ కాలేదు. కాబట్టి తీర్థానికి వెళ్ళిన రోజు, పెళ్ళికి వెళ్ళిన రోజు మానేయండి, మర్నాడు కూర్చోండి. రెండు రోజులు వరసగా మాత్రం వదలొద్దు. "ఆరున్నరకు" అనేకంటే "దీపం పెట్టాక", "టీ తాగాక" అని ఇంట్లో రోజూ జరిగే పనికి కట్టేస్తే త్వరగా నిలబడుతుంది.

పద్నాలుగో రోజున మళ్ళీ అరగంట గీతల లెక్క వేసి పాత కాగితంతో పోల్చండి. సగానికి తగ్గితే విడత పెంచండి. తగ్గకపోతే ముందు చూడాల్సింది ఫోన్ ఎక్కడ ఉందన్నది, సాధారణంగా అది మెల్లగా బల్ల దగ్గరకు వచ్చేసి ఉంటుంది. తర్వాత చూడాల్సింది నిద్ర. ఈ రెండూ సరిగ్గానే ఉంటే పాఠం అర్థం కాక మనసు పారిపోతోందన్నమాట. అప్పుడు చీటీలు ఆపి, అర్థం చెప్పే మాస్టారి దగ్గరకు వెళ్ళండి, అర్థం కానిదాన్ని డబ్బాల్లో తిప్పి లాభం లేదు.

పరీక్షకు వారం ముందు కొత్త చీటీలు రాయడం ఆపేయండి. నాలుగు, ఐదు డబ్బాల్లోవన్నీ తేదీ చూడకుండా కిందకు దించి, రోజుకు ఒక సబ్జెక్టు చొప్పున అడుక్కుంటూ రండి. తప్పినవి ఒక రబ్బరు బ్యాండు వేసి విడిగా పెట్టండి. పరీక్ష ముందురోజు సాయంత్రం చూడాల్సింది ఆ కట్ట ఒక్కటే.